జావా ఎక్కించడం అంటే మాటలా!

ఇప్పటి కుర్రాళ్లకి జావా ఎక్కించడం ఎంతసేపండీ! నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. టీ చల్లారేలోపు అయిపోతుంది. మధ్యలో లైసెన్సు అని ఓ పెట్టె వస్తుంది. దాన్నిండా అక్షరాలుంటాయి, కింద ఒప్పుకుంటున్నానని నొక్కే చోటు ఉంటుంది. ఆ అక్షరాలు చదివి నొక్కినవాణ్ని ఒక్కణ్ని గోదావరి గట్టున ఉన్న మా పట్టిసం తీసుకురండి, వీరభద్రుడి గుడికి లాంచీ టికెట్టు నా ఖర్చు.

లినక్స్ వాడైతే ఆ పెట్టె కూడా చూడడు. సూడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని ఒక్క లైను కొడతాడు, పాస్‌వర్డ్ అడిగితే ఇస్తాడు, అక్కడితో సరి. ఏం దిగింది, ఎవరి దగ్గర్నుంచి దిగింది, దాని మీద ఎవరికి ఏ హక్కులున్నాయి, ఏమీ తెలీదు. అడిగితే “పనిచేస్తోంది కదా తాతయ్యా” అంటాడు. పనిచేస్తోంది, కాదన్లేదు. మా రోజుల్లో అంత తేలిగ్గా పనిచేసేది కాదు, అందుకే లోపల ఏముందో చూడాల్సొచ్చేది.

నేను రాజమండ్రిలో ఓ ప్రైవేటు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పినవాణ్ని. పేరెందుకు లెండి, ఆ మేడలో ఇప్పుడు చీరల షాపు నడుస్తోంది. పొద్దున్నే పోలవరం నుంచి వచ్చే బస్సెక్కి గూటాల, తాళ్లపూడి, కొవ్వూరు దాటి, రైలు కమ్ రోడ్డు బ్రిడ్జి మీదుగా వెళ్లి కోబాల్, ఫాక్స్‌ప్రో, టర్బో సీ చెప్పుకుని బతుకుతున్న రోజులు. అప్పుడొచ్చి పడింది జావా. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ని 1998 నవంబరులో వాజ్‌పేయి గారు ప్రారంభించారు. అమీర్‌పేటలో సత్యం థియేటర్ సందుల నిండా జావా బ్యానర్లు వేలాడాయి. ఇక గోదావరి జిల్లాల్లో తల్లిదండ్రులకి ఆగుతుందా? “మావాడికి ఆ జావా ఏదో చెప్పండి మాస్టారూ, అమెరికా వెళ్లిపోతాడంట” అంటూ కొబ్బరికాయల బస్తాతో సహా దిగినాయన కూడా ఉన్నాడు.

అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీలో జేమ్స్ గోస్లింగ్, ఆయన జట్టూ 1991లో మొదలెట్టిన పని అది. మొదట ఓక్ అని పేరు. 1995 మేలో జావా అని లోకానికి చూపించారు, 1996 జనవరిలో ప్రోగ్రాములు రాసుకునే సరంజామా, జేడీకే 1.0, ఇచ్చారు. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్నది వాళ్ల నినాదం. రాసింది నడిచేదేమో గానీ, ఎక్కించడం మాత్రం ఒక్కో సిస్టంలో ఒక్కో రకం. మొదటి జేడీకే విండోస్ 95, ఎన్‌టీలకీ, సన్ వాళ్ల సొంత సొలారిస్‌కీ వచ్చింది. లినక్స్ వాళ్లని పలకరించిన దిక్కు లేదు. బ్లాక్‌డౌన్ పేరుతో కొందరు ఔత్సాహికులు నానా తిప్పలు పడి దాన్ని లినక్స్‌లో నడిచేలా చేశారు. సన్ తన పేరు మీద లినక్స్‌కి జావా ఇచ్చేసరికి 1999 చివరికొచ్చేసింది.

ముందు దాన్ని దింపుకోవాలి కదండీ. జేడీకే 1.3 దాదాపు 30 మెగాబైట్లు. డయలప్ లైన్లో సెకనుకి మూడు కిలోబైట్లు వస్తే ఆ రోజు మంచిరోజు. లెక్కేసుకోండి, దగ్గర దగ్గర మూడు గంటలు. రెండు గంటల నలభై నిమిషాలప్పుడు ఓనరుగారి బావమరిది ఫోన్ చేస్తాడు, లైను తెగుతుంది, మళ్లీ మొదటికి. గెట్‌రైట్ అనే సాఫ్ట్‌వేరుంటే తెగిన చోట నుంచి అందుకునేది, అదొక్కటే ఊరట. ఇదంతా పడలేక సీడీతో వచ్చే కంప్యూటర్ పత్రికలు కొనేవాళ్లం. చిప్, పీసీక్వెస్ట్ లాంటివి. పత్రిక ఎవరు చదివారో తెలీదు గానీ సీడీ మాత్రం రాజమండ్రి అంతా తిరిగేది. ఇప్పుడు జేడీకే 200 మెగాబైట్లకి అటూ ఇటూ ఉంటుంది. మా మనవడు ఏటిగట్టు మీద నిలబడి ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి దింపేస్తాడు. దింపేసి “నెట్ స్లో” అంటాడు!

సరే, సీడీ వచ్చింది. విండోస్ 98లో సెటప్ నడిచింది, సీ డ్రైవులో జేడీకే అని ఫోల్డరు పడింది. అయిపోయిందనుకుంటే పొరపాటే. అసలు కథంతా ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అనే ఫైల్లో ఉండేది. నోట్‌ప్యాడ్‌లో దాన్ని తెరిచి, సెట్ పాత్ అని రాసి (పాత్ అంటే కమాండ్లని ఏయే ఫోల్డర్లలో వెతకాలో చెప్పే జాబితా), అప్పటికే ఉన్న పాత్‌ని రెండు శాతం గుర్తుల మధ్య నిలబెట్టి, సెమీకోలన్ కొట్టి, ఆ తర్వాత జేడీకే ఫోల్డరూ దాని లోపలి బిన్ ఫోల్డరూ పూర్తి పేర్లతో రాయాలి. దాచుకుని, సిస్టం ఆపి మళ్లీ వెయ్యాలి. డాస్ విండోలో జావాక్ అని కొట్టాలి. అన్నీ సరిగ్గా ఉంటే కంపైలర్ తన వాడుక చెప్తుంది. ఎక్కడ అక్షరం జారినా ‘బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్’ అంటుంది. శాతం గుర్తుల మధ్య పాత పాత్ పెట్టడం మర్చిపోయాడనుకోండి, జావా వస్తుంది గానీ మిగతావి పోతాయి. ఎడిట్ అని కొట్టినా బ్యాడ్ కమాండే. “సార్, నా సిస్టంలో జావా తప్ప ఏమీ లేదు” అని ఒక పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

పాత్ మరీ పొడుగైతే ‘అవుట్ ఆఫ్ ఎన్విరాన్‌మెంట్ స్పేస్’ అని ఇంకో బెడద. దానికి కాన్ఫిగ్ డాట్ సిస్ అనే ఇంకో ఫైల్లోకి దిగి, కమాండ్ డాట్ కామ్‌కి ఇంకొంచెం చోటు ఇమ్మని రాయాలి. ఇవన్నీ ఎవరూ పుస్తకంలో పెట్టి ఇవ్వలేదు. పక్క సీటువాడు చెప్పాడు, వాడికి వాళ్ల బాబాయి చెప్పాడు.

తర్వాతది నోట్‌ప్యాడ్ మాయ. పిల్లాడు హలోవరల్డ్ డాట్ జావా అని పేరు పెట్టి దాచుకుంటాడు. నోట్‌ప్యాడ్ వెనకాల డాట్ టీఎక్స్‌టీ అని తోక తగిలిస్తుంది. విండోస్ ఆ తోకని చూపించదు. వాడి కంటికి ఫైలు ఉంది, కంపైలర్ కంటికి లేదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. ఫైలు పేరుకి కొటేషన్ మార్కులు పెట్టి సేవ్ చెయ్యమని నేను బోర్డు మీద రాసి చుట్టూ గడి కట్టేవాణ్ని.

అన్నిటికన్నా ఘనం క్లాస్‌పాత్. కంపైల్ అయింది, క్లాస్ ఫైలు కళ్లెదురుగా ఉంది, నడపబోతే ‘నో క్లాస్ డెఫ్ ఫౌండ్’ అంటుంది. వేరే ఏదో సాఫ్ట్‌వేర్ వచ్చి క్లాస్‌పాత్‌ని తన పేరున రాసేసుకుని ఉంటుంది, అందులో చుక్క ఉండదు. చుక్క అంటే నేనున్న ఈ ఫోల్డరు అని. ఆ చుక్క లేకపోతే జావా ఊరంతా వెతుకుతుంది, తను నిలబడ్డ చోట మాత్రం చూడదు. ఒక్క చుక్క కోసం మధ్యాహ్నం భోజనం మానేసిన పిల్లల్ని చూశాను. ఇప్పుడు ఐడీఈ తెరిచి ఆకుపచ్చ త్రికోణం నొక్కుతారు. క్లాస్‌పాత్ అనేది ఉందని ఇంటర్వ్యూలో అడిగేదాకా తెలీదు.

విండోస్‌లో ఒడ్డున పడ్డాం అనుకునేసరికి మా ఓనరుగారికి లినక్స్ మీద మనసు పోయింది. దాంతో విండోస్‌కి డబ్బు కట్టక్కర్లేదని ఎవరో చెప్పారు. ఊళ్లో విండోస్‌కి డబ్బు కట్టినవాడెవడో నాకైతే తెలీదు, వైరస్ పట్టిన ప్రతివాడూ ముప్ఫై రూపాయల సీడీతో ఫార్మాట్ కొట్టించేవాడు. అది అలా ఉంచండి. లినక్స్‌లో పాత్ విడగొట్టేది సెమీకోలన్ కాదు, కోలన్. గీత తల విండోస్‌లో ఎడమకి వాలితే ఇక్కడ కుడికి వాలుతుంది. పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. విండోస్‌లో ఎలా రాసినా తెరుచుకునే ఫైలు ఇక్కడ ఒక్క అక్షరం పెద్దదైతే నాకు తెలీదు పొమ్మంటుంది. సన్ వాళ్లిచ్చే ఫైలు చివర డాట్ బిన్ అని ఉండేది. దాన్ని నడపాలంటే ముందు సీహెచ్‌మాడ్ అని కొట్టి దానికి నడిచే హక్కు ఇవ్వాలి.

అది నడవగానే లైసెన్సు మొదలయ్యేది. మౌసు లేదు, పెట్టె లేదు, నల్ల తెర మీద పేజీ తర్వాత పేజీ. స్పేస్‌బార్ నొక్కుతూ పోతే ఆఖర్న ఒప్పుకుంటావా లేదా అని అడిగేది, ఎస్ అని టైపు చెయ్యాలి. నొక్కుతూ నొక్కుతూ నాలుగు ముక్కలైనా కంట పడేవి. నేనైతే ప్రతి బ్యాచ్‌కీ ఒకసారి గట్టిగా చదివించేవాణ్ని. అందులో ఒక మాట ఉండేదండీ: అణు కేంద్రాల రూపకల్పన, నిర్మాణం, నిర్వహణల్లో వాడటానికి ఈ సాఫ్ట్‌వేర్‌ని ఉద్దేశించలేదని. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, “సార్, నాది లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు, పర్లేదంటారా?” అన్నాడు. వాడిప్పుడు డాలస్‌లో ఉన్నాడు, బానే ఉన్నాడు.

ఆ లైసెన్సులోనే అసలు విషయం ఇంకోటి ఉండేది. వాడుకోవడం ఉచితమే, పంచిపెట్టడానికి మాత్రం వీల్లేదు. నువ్వు రాసిన ప్రోగ్రాంతో కలిపి నడిపించే భాగం ఇవ్వొచ్చు గానీ, జేడీకేని విడిగా పంచడానికి హక్కు లేదు. రాజమండ్రిలో ఒకరి సీడీ ఇంకొకరు కాపీ కొట్టుకున్నప్పుడల్లా రూపాయి నష్టం ఎవరికీ లేకపోయినా ఆ షరతు దాటినట్టే. లినక్స్ తయారుచేసేవాళ్లు చాలామంది తమ సీడీల్లో జావా పెట్టలేకపోయిందీ ఇందుకే. రిచర్డ్ స్టాల్‌మన్ 2004లో జావా ఉచ్చు అని ఒక వ్యాసమే రాశాడు: నువ్వు రాసిన ప్రోగ్రాం స్వేచ్ఛగా ఉన్నా, అది నడవడానికి ఇంకొకడి అనుమతి కావాలంటే అదేం స్వేచ్ఛ అని. 2006 నవంబరులో సన్ దిగొచ్చి జావాను జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద తెరుస్తానంది, 2007 మేలో ఓపెన్‌జేడీకేగా చాలామటుకు తెరిచింది. ఇప్పుడు గోదావరి గట్టున ఉన్న ప్రతి ఇంటికీ ఓపెన్‌జేడీకే సీడీ పంచినా అడిగేవాడు లేడు. హక్కొచ్చేసరికి సీడీ పెట్టే గూడు కంప్యూటర్‌కి లేకుండా పోయింది!

ఆపిల్ సంగతి మా వైపు ఎవరికీ తెలీదు, మ్యాక్ అంటే సినిమాల్లో చూడటమే. చాలాకాలం ఆపిలే తన మ్యాక్‌తో తన జావా ఇచ్చేది. 2010లో ఇక మా వల్ల కాదని తప్పుకునే దారి పట్టింది. ఇప్పుడు మా వీధిలోనే ఒక అమ్మాయి ఆఫీసువాళ్లిచ్చిన మ్యాక్‌తో వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తోంది. మ్యాక్ అంటే మ్యాకే కదా అని ఇంటెల్ చిప్పుకి చేసిన జావా దింపింది. 2020 చివరి నుంచి వచ్చేవాటిలో ఎక్కువవాటికి చిప్పు వేరు, పూర్తి వేగంతో నడవాలంటే ఆర్మ్ కోసం చేసింది దింపాలి. ఒకసారి రాస్తే ఎక్కడైనా నడుస్తుందన్నారు గదా!

ఇక ఒరాకిల్. 2010 జనవరిలో సన్‌ని కొనేసింది, 740 కోట్ల డాలర్ల బేరం. అక్కణ్నుంచి జావా నంబర్లే మారిపోయాయి, లైసెన్సులూ మారిపోయాయి. మా రోజుల్లోనూ నంబర్ల గోల ఉందనుకోండి. 1.2 వచ్చినప్పుడు దాన్ని జావా 2 అన్నారు, 1.5 వచ్చినప్పుడు 5 అన్నారు. కానీ అవి ఏళ్లకోసారి వచ్చేవి, నేర్చుకోడానికీ నేర్పడానికీ వ్యవధి ఉండేది. 2018 నుంచి ఆరు నెలలకో జావా. మా మనవడి సిస్టంలో ఒకసారి ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్, 61’ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. దాన్ని కాపీ చేసి ఏఐకి పంపబోతున్నాడు. “ఒరేయ్, 61లోంచి 44 తియ్యి” అన్నాను. “17” అన్నాడు. “ఈ క్లాస్ ఫైలు జావా 17లో కంపైల్ చేసింది, నువ్వు అంతకన్నా పాతదాంట్లో నడుపుతున్నావు. 52 అని వస్తే జావా 8, 65 అని వస్తే 21.” ఏదో మంత్రం వేసినట్టు చూశాడు. మంత్రం లేదు, తీసివేత.

లైసెన్సు విషయానికొస్తే, 2019 ఏప్రిల్ నుంచి ఒరాకిల్ జావా 8 కొత్త అప్‌డేట్లు వ్యాపారానికి వాడాలంటే డబ్బు కట్టాలన్నారు. ఇంట్లో వాడుకుంటే, చదువుకుంటే, ప్రోగ్రాం రాసి చూసుకుంటే ఉచితం. 2021లో జావా 17తో మళ్లీ ఉచితం అన్నారు, వ్యాపారానికి కూడా. అబ్బ అనుకునేలోపు మెలిక: కొత్త దీర్ఘకాలపు వెర్షన్ వచ్చిన ఏడాది దాకానే. 2023 సెప్టెంబరులో 21 వచ్చింది, 2024 సెప్టెంబరు దాటాక 17కి వచ్చే అప్‌డేట్లు మళ్లీ పాత షరతుల్లోకి పోయాయి. అంటే ఒకే జావా 17, ఒక తేదీ ముందు వచ్చిన అప్‌డేట్‌కి ఒక లైసెన్సు, తర్వాత వచ్చినదానికి ఇంకో లైసెన్సు. మా నల్ల తెర లైసెన్సు ఎంత పొడుగున్నా ఇన్ని వేషాలు వెయ్యలేదు.

2023 జనవరిలో తెచ్చిన లెక్క చూస్తే మతిపోతుందండి. జావా ఎంతమంది వాడుతున్నారన్నది లెక్క కాదు, కంపెనీలో ఎంతమంది ఉన్నారన్నది లెక్క. వెయ్యి మందిలోపు ఉంటే తలకి నెలకి 15 డాలర్లు. జనం పెరిగేకొద్దీ రేటు తగ్గుతుందిట, ఆఖర్న 5.25 డాలర్ల దాకా. పార్ట్‌టైమ్ వాళ్లూ, కాంట్రాక్టు మీద లోపలి పనులు చేసేవాళ్లూ అందరూ లెక్కలోకే. పట్టిసం రేవులో లాంచీ ఎక్కినవాళ్లకి కాకుండా, వాళ్ల రేషన్ కార్డులో పేర్లన్నిటికీ టికెట్టు కొట్టినట్టుంది. 200 మంది ఉన్న కంపెనీలో జావా వాడేవాళ్లు పదిమందే అయినా ఏడాదికి 36,000 డాలర్లు. మన రూపాయల్లో ఎలా తగ్గించి లెక్కేసినా పాతిక లక్షలు దాటుతుంది. అందుకే చాలా కంపెనీలు ఒరాకిల్ జావా పీకేసి ఇతర జావాల వెంట పడ్డాయి. టెమురిన్ అని ఎక్లిప్స్ వాళ్లది, కొరెట్టో అని అమెజాన్ వాళ్లది, జులు అని అజుల్ వాళ్లది. జావాను కన్న గోస్లింగ్ గారే 2017లో అమెజాన్‌లో చేరి 2024లో రిటైరయ్యాడు. మైక్రోసాఫ్ట్ కూడా 2021 నుంచి తన ఓపెన్‌జేడీకే పంచుతోంది. ఈ మైక్రోసాఫ్ట్ మీదే, జావాను విండోస్‌కి అనుకూలంగా వంచేస్తోందని సన్ 1997లో కోర్టుకెక్కింది. 2001లో మైక్రోసాఫ్ట్ రెండు కోట్ల డాలర్లిచ్చి ఆ దావా తెంపుకుంది. ఇప్పుడు వాళ్లే తలా ఒక ప్యాకెట్టు ఇస్తున్నారు, తీసుకోండని.

అన్నీ లోపల దాదాపు ఒకే సరుకు. ఇన్నుంటే మంచిదే కదా అనొచ్చు. మంచిదే. తెచ్చుకున్నది ఎవరిదో తెలిస్తే మంచిది.

మొన్న శివరాత్రికి పట్టిసం కిక్కిరిసిపోయింది. మా మనవడు బెంగళూరు నుంచి వచ్చాడు, లాప్‌టాప్ సంచీతో. పొద్దున్నే దర్శనం చేసుకొచ్చి పులిహోర ముందు కూర్చున్నాడో లేదో ఆఫీసు నుంచి మెయిలు. మీ మిషన్లలో ఉన్న జావాలన్నిటి చిట్టా పంపండి, ఒరాకిల్‌ది ఉంటే శుక్రవారంలోగా తీసేయండి అని. “నేను ఒరాకిల్ వాడట్లేదు తాతయ్యా, నాది మామూలు జావా” అన్నాడు. మామూలు జావా ఏంట్రా? అదేమైనా కర్నూలు సోనానా?

కమాండ్ విండో తెరిపించాను. జావా, చిన్న గీత, వెర్షన్ అని కొట్టించాను. మూడు లైన్లొచ్చాయి. రెండో లైన్లో ‘జావా టీఎమ్ ఎస్ఈ’ అనుంటే అది ఒరాకిల్‌ది, ‘ఓపెన్‌జేడీకే’ అనుంటే వేరేవాళ్లది. వాడిదాంట్లో జావా టీఎమ్ అనే ఉంది. నోట్లో ముద్ద ఆగిపోయింది. ‘వేర్ జావా’ అని కొట్టిస్తే పాత్‌లో ఉన్నవన్నీ వరుసగా వచ్చాయి. అందరికన్నా ముందు ‘జావాపాత్’ అనే ఫోల్డరు నిలబడి ఉంది. ఒరాకిల్ ఇన్‌స్టాలర్ దాన్ని తీసుకొచ్చి పాత్‌లో మొదట పెడుతుంది, వెనక నువ్వు ఇంకోటి ఎక్కించినా చాలాసార్లు వాడే ముందు పలుకుతాడు. ఇంకా వెతికితే టెమురిన్ 21 ఒకటి, ఏదో పాత టూల్ కోసం ఎవరో పెట్టిన ఒరాకిల్ జావా 8 ఒకటి, ఐడీఈ తన సొంతానికి వెంట తెచ్చుకున్నది ఇంకొకటి. మొత్తం నాలుగు.

“ఇందులో నువ్వు చదివి ఎక్కించింది ఏదిరా?”

“టెమురిన్ తాతయ్యా. చదవలేదనుకో.”

ఒరాకిల్‌వి రెండూ తీయించాను. తీశాక ఏ ప్రాజెక్టూ లేవలేదు. జావా ఎక్కడుందో ప్రోగ్రాములకి చెప్పే జావాహోమ్ ఇంకా పోయినదాని వైపే చూపిస్తోంది. అది మార్చడానికి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ తెరిస్తే, పాత్ ఇప్పుడు వరుసకొకటిగా జాబితాలా కనపడుతోందండీ. సెమీకోలన్లు లేవు! వాటిని కూడా దాచేశారు. పాతకాలపు టెక్స్ట్‌లా చూపించమంటే చూపిస్తుంది, నేను చూపించమన్నాను. వాడు దాన్ని చూసి “ఛీ, ఏంటిది” అన్నాడు. వాళ్ల అమ్మమ్మ వచ్చి, పండగపూట పిల్లాడి బుర్ర ఎందుకు తింటారు, మీ జావా సంగతి తర్వాత, ముందు వేళకి తినే సంగతి చూడండి అని నన్ను కేకలేసింది.

మధ్యాహ్నానికి అన్నీ లేచాయి. ‘డన్’ అని మెయిలు కొట్టి మళ్లీ పులిహోర అందుకున్నాడు. ఒక్క నీ లాప్‌టాప్ శుభ్రం చేస్తే సరా, అసలు ప్రోగ్రాం నడిచే లినక్స్ సర్వర్లలో ఏ జావా ఉందో చూశారా అని అడిగాను.

“అది వేరే టీమ్ తాతయ్యా.”